పర్లాకిమిడి వసారాలో ప్లాంక్ కాన్‌స్టంట్

మొన్న ఆదివారం రాత్రి మా వీధిలో కరెంటు పోయింది, నా జీవితంలో కరెంటు పోయినందుకు సంతోషపడింది అదే మొదటిసారి. వసారాలో చాప మీద నేనూ మా మేనకోడలూ కూర్చుని ఒక ఎర్ర ఎల్‌ఈడీ ఎన్ని వోల్టుల దగ్గర వెలగడం మొదలెడుతుందో చూస్తన్నాం, వీధి లైటు మీద పడి ఏదీ సరిగ్గా ఆనడం లేదు, నల్ల అట్టతో గొట్టం చుట్టి లోపలికి చూసినా డౌటే, అంతలో టప్ మని వీధంతా చీకటి. "మావయ్యా కదలకు, ఇప్పుడు చూడు" అంది. గొట్టం లోపల ఆవగింజంత ఎర్ర చుక్క. మల్టీమీటర్ మీద సెల్‌ఫోన్ లైటు వేస్తే 1.75.

ఎల్‌ఈడీతో ప్లాంక్ కాన్‌స్టంట్ (వెలుగు ముక్క శక్తిని లెక్కగట్టే అంకె, h అంటారు) కొలిచే ఈ గొడవంతా ఒక ఫారం వల్ల వచ్చింది.

మాది పర్లాకిమిడి. ఇప్పుడు బోర్డుల మీద పర్లాఖెముండి అని ఉంటాది, ఒరిస్సాలో గజపతి జిల్లా, మహేంద్రతనయ ఒడ్డున మేం, అదే ఏటి ఒడ్డున పాతపట్నం, అది ఆంధ్రా. సాయంత్రం వెళ్ళి నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని రాత్రి అన్నానికి ఇంటికొచ్చేస్తాం, షాపుల బోర్డుల మీద అక్షరాలు మారితే తప్ప రాష్ట్రం మారినట్టు కూడా అనిపించదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సైన్స్ తీసుకుంటే పుస్తకాలు ఇంగ్లీషు. అవతలున్న మా చుట్టాలు ఇంటరూ డిగ్రీ అంటారు, మాకు ప్లస్ టూ, ప్లస్ త్రీ. నేను ప్లస్ త్రీ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తా, అంతకుముందు నాలుగేళ్ళు ఒక కాలేజీలో గెస్ట్ గా చేసా, ల్యాబ్ నేనే చూసేవాణ్ణి.

మా అక్క కూతురు ఫిజిక్స్ ఆనర్స్ రెండో ఏడు. 2025లో అమరావతిలో క్వాంటం వేలీ అన్న దగ్గర్నుంచి దానికి అదే లోకం, ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రా ప్రభుత్వం కలిసి 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్లో బిట్టు, 0, 1 రెండూ కలిసి ఉండగలిగేది) మెషిన్ పెడతామన్నారు కదా, ఆ వార్త టీవీలో వచ్చిన రోజు మా బావ చేతిలో రిమోట్ లాక్కుని మరీ చూసింది. తర్వాత ఎక్కడో ఒక ట్రైనింగ్ ప్రకటన పట్టుకొచ్చింది. అమరావతి వాళ్ళది కాదు, ఇంకో సంస్థది, పేరు ఇక్కడ అనవసరం, ప్రభుత్వ సాయంతో సీట్లు ఫ్రీ అని ఉంది. ఫారం నింపుతూ వెళ్తే మూడో పేజీలో స్థానికత, ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు, ఒరిస్సా బడి పేరు కొడితే ముందుకి కదలదు. ఫోన్ చేస్తే "మీ స్టేట్లో ట్రై చెయ్యమ్మా" అన్నారు. సరే అని ఇటుపక్క ఇంకొకటి చూసాం, అది ఇంజినీరింగ్ వాళ్ళకే అట, బీఎస్సీ అన్న మాటే ఆ లిస్టులో లేదు.

"మావయ్యా, క్యూబిట్ ఒకేసారి రెండు స్టేట్లలో ఉంటాదన్నావు కదా, మనం ఏ స్టేట్లోనూ లేం" అంది. ఈ జోకు బోర్డర్లో ఫిజిక్స్ చదివే ఎవరైనా వేస్తారనుకోండి, కానీ అది నవ్వకుండా అంది, అందుకే నాకు గుచ్చుకుంది.

అప్పట్నుంచి ఈ క్వాంటం డబ్బు సంగతేంటో చదవడం మొదలెట్టా. 2020 ఫిబ్రవరి బడ్జెట్లో ఐదేళ్ళకి 8000 కోట్లు అన్నారు. 2023 ఏప్రిల్ 19న కేబినెట్ ఆమోదించేసరికి అది నేషనల్ క్వాంటం మిషన్ అయి 6003.65 కోట్లు అయింది, ఐదేళ్ళు కాస్తా 2030-31 దాకా అయ్యాయి. మా బావ కిరాణా కొట్లో కూడా ఇలాగే, అడిగినంత సరుకూ రాదు, చెప్పిన రోజుకీ రాదు. అయినా చిన్న డబ్బు కాదు, ఈ పనికి అసలు డబ్బే లేని రోజులతో పోలిస్తే ఇది పండగే. నాలుగు హబ్బులు పెట్టారు, కంప్యూటింగ్ కి బెంగళూరు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్ కి మద్రాస్ ఐఐటీ కేంద్ర టెలికాం సంస్థ సీ-డాట్ తో కలిసి, సెన్సింగ్ కి బాంబే ఐఐటీ, మెటీరియల్స్ కి ఢిల్లీ ఐఐటీ. ఎనిమిదేళ్ళలో 50 నుంచి 1000 క్యూబిట్ల మెషిన్లు చెయ్యాలి, 2000 కిలోమీటర్ల దూరం ఎవరూ దొంగచాటుగా వినలేని లింకు వెయ్యాలి, అదీ టార్గెట్. ఆ పైన మనుషుల్ని తయారుచెయ్యడం. 2024 డిసెంబర్లో ఇంజినీరింగ్ చదువులు చూసే ఏఐసీటీఈ, కేంద్ర సైన్స్ శాఖ డీఎస్టీ కలిసి బీటెక్ వాళ్ళకి క్వాంటం టెక్నాలజీస్ మైనర్ సిలబస్ తెచ్చాయి, కనీసం 18 క్రెడిట్లు, నేను కూర్చుని మొత్తం చూసా, నిజం చెప్పాలంటే బాగుంది, ల్యాబ్ పేపర్ కూడా పెట్టారు. నాకు కోపం సిలబస్ మీద కాదు.

నా కోపం ఏటో చెప్పాలంటే ముందు ఆ 38 గురించి చెప్పాలి.

ఐబీఎం వాళ్ళు 2016 నుంచి తమ క్వాంటం మెషిన్ని క్లౌడ్లో పెట్టారు, ఎవరైనా అకౌంట్ తీసుకోవచ్చు, ఇప్పుడైతే నెలకి పది నిమిషాలు అసలు మెషిన్ మీద ఫ్రీ. స్థానికత అడగరు. మా పిల్ల ఒకరోజు ఫోన్లోనే రెండు క్యూబిట్లు తీసుకుని వాటిని జతకట్టే సర్క్యూట్ పంపించింది, ఎంటాంగిల్‌మెంట్ అంటారు కదా అది, 1024 సార్లు నడపమంది. పుస్తకం ప్రకారం సగం సార్లు 00, సగం సార్లు 11 రావాలి, మధ్యలోవి అసలు రాకూడదు. వచ్చిందేటంటే 00 అని 497, 11 అని 489, 01 అని 21, 10 అని 17. నాకు చూపించి "తప్పు చేసానేటి మావయ్యా, ఈ 38 ఎక్కడివి?" అంది.

నువ్వు తప్పు చెయ్యలేదే, ఆ 38 కోసమే ప్రపంచమంతా కోట్లు పోస్తన్నారు అన్నా.

నిజంగానే అంతే. క్యూబిట్ అనేది మహా సున్నితం, కాస్త వేడి తగిలినా, తీగలోంచి కాస్త రొద వచ్చినా చెడిపోతాది. ఐబీఎం లాంటి మెషిన్లలో దాన్ని పెట్టే ఫ్రిజ్ సున్నా కెల్విన్ కి (అంతకంటే చలి ఉండదు) ఒక డిగ్రీలో వందో వంతు పైన ఉంటాది అంతే, నక్షత్రాల మధ్య ఖాళీ కూడా 2.7 కెల్విన్, అంటే ఆకాశం కంటే కూడా చలి. ఆ ఫ్రిజ్ లో రెండు రకాల హీలియం కలిపి తిప్పుతారు. ఎక్కడో ఒక ఓ-రింగు సరిగ్గా కూర్చోకపోతే లీకు, వెతకడానికి రోజులు పడతాది, కేబుల్ ఒకటి వదులైతే ఇంకో వారం. ఈ వెతికే పని ప్రొఫెసర్లు ఒక్కళ్ళే చెయ్యరు. లేజర్ ని వెంట్రుకవాసి జరిపేవాళ్ళు, వాక్యూమ్ పంపు శబ్దం విని ఏదో తేడా ఉందని చెప్పేవాళ్ళు, సన్న సోల్డరింగ్ చేసేవాళ్ళు, రీడింగ్ పాడైతే పాడైందని రాసేవాళ్ళు కావాలి. వర్క్‌ఫోర్స్ అంటే నాకు తెలిసి వీళ్ళు. మా ఊళ్ళో కొమ్ము పని చేసేవాళ్ళ చేతులు చూస్తే నాకెప్పుడూ ఇదే అనిపిస్తాది, పశువు కొమ్ముని కాచి వంచి కొంగ మెడ తీస్తారు, ఎంత వేడి ఎక్కువైతే పగులుతాదో వాళ్ళ వేళ్ళకి తెలుసు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

హీలియం అన్నాను కాబట్టి ఒక ముక్క. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీద పడింది, జాన్సెన్ అనే ఫ్రెంచాయన వెలుగుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని గుంటూరు వచ్చి చూసాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో కనబడ్డ ఒక పసుపు గీత సోడియం గీత అనుకున్నారు ముందు, కానీ కాస్త పక్కకుంది, ఆ కాస్త పక్కకి ఉండడాన్ని పట్టుకుని ఇంగ్లండులో లాకియర్ ఇది కొత్త మూలకం అన్నాడు, హీలియం. వేవ్‌లెంత్ లో, అంటే వెలుగు అల పొడవులో చెప్తే సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గర, ఇది 587.6 దగ్గర. "ఏముందిలే, సోడియమే" అని సర్దుకుపోయుంటే అయిపోను.

మా కాలేజీ ల్యాబుల్లో నేర్పేది ఆ సర్దుకుపోవడమే. నేను చేసిన కాలేజీ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, అన్నీ అలాగే ఉన్నాయి. సోడియం లాంప్ స్విచ్ వేస్తే ముందు గులాబీ రంగులో వెలిగి నెమ్మదిగా పసుపెక్కుతాది, పది నిమిషాలైనా ఆగాలి, నలభై మందికి ఒకటే లాంపు, పీరియడ్ అయిపోతాది. అందుకని పిల్లలు పోయినేడు అన్నయ్యల రికార్డు తెచ్చుకుని రీడింగులు దించేసేవాళ్ళు. వెర్నియర్ మీద కన్ను పెట్టకుండానే డిగ్రీలు మినిట్లతో సహా ఆన్సర్ వచ్చేసేది. ఎవడైనా పాపం నిజంగా చేసి 604 తెచ్చాడనుకోండి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి "ఇదేంటి 589 కదా" అని మార్కులు కోసేవాడు. వాడు మళ్ళీ జన్మలో నిజం రీడింగ్ రాస్తాడా?

నేను చేరిన ఏడాది బీరువా వెనకాల ఒక చెక్కపెట్టె కనబడింది. పైన ప్లాంక్స్ కాన్‌స్టంట్ అపరేటస్ అని రాసుంది, ఏదో గ్రాంటులో వచ్చింది, అప్పటికి మూడేళ్ళయింది, మేకులు కూడా పీకలేదు. ఎందుకు విప్పలేదంటే స్టాక్ రిజిస్టర్లో ఎక్కించాలి, ఎక్కించాలంటే కంపెనీ మనిషొచ్చి ఇన్‌స్టాల్ చేసినట్టు సంతకం పెట్టాలి, అతను బరంపురం దాకా వచ్చి అక్కణ్ణించి వెనక్కెళ్ళిపోయాడట. ల్యాబ్ అటెండర్ రిటైరైపోయాడు, ఆ పోస్టు నింపలేదు. నేను గెస్ట్ గాణ్ణి, విరిగితే నా జీతంలో కోస్తారని భయపెట్టారు. ఒక సెలవు రోజు నేనే విప్పా. లోపల ఫోటోసెల్, ఐదు రంగు గాజు ఫిల్టర్లు, గాజుల మీద బూజు సాలెగూడులా పాకి ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచినా పోలేదు. డబ్బు వచ్చింది, సామాను వచ్చింది, డబ్బు వాడేసామని యుటిలైజేషన్ సర్టిఫికెట్ కూడా వెళ్ళుంటాది, ఒక్క పిల్లాడు కూడా దానిలోంచి వెలుగు చూడలేదు.

ఇదీ నా కోపం. ఇప్పుడు క్వాంటం టీచింగ్ ల్యాబులు, ట్రైనింగులు అని డబ్బు కదులుతోంది, మంచిదే, కానీ లెక్క అడిగినప్పుడు ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు, ఎన్ని పెట్టెలు కొన్నారు అనే అడుగుతారు. ఎంతమంది పిల్లల రికార్డుల్లో తప్పు ఆన్సర్ ఉంది, ఆ తప్పు ఎందుకొచ్చిందో రాసారా అని ఎవడూ అడగడు. క్వాంటం పని మొత్తం తప్పుని వెంటాడ్డమే, మనం పదిహేనేళ్ళు పిల్లలకి తప్పుని దాచడం నేర్పి ఆఖర్న ఆర్నెల్ల కోర్సు పెడతాం. నన్నడిగితే ఆ 6003 కోట్లలోంచి ఊరికో అటెండర్ జీతం, ఊరికో సోడియం లాంపు, పిల్లలకి వారంలో ఒక పూట ఖాళీ టైము ఇస్తే చాలు, మిగతాది బెంగళూరు వాళ్ళనే ఉంచుకోమనండి. (నన్నెవరూ అడగరని తెలుసు.)

అందుకే మేం ఎల్‌ఈడీలు పట్టుకున్నాం. సామాను చిన్నది, రేడియో రిపేర్ షాపు నుంచి అరువు తెచ్చిన మల్టీమీటర్, 9 వోల్టుల బ్యాటరీ, తిప్పే రెసిస్టర్ ఒకటి, 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్ ఒక మెట్టు దిగితే ఆ మెట్టంత శక్తి వెలుగు ముక్కగా బయటికొస్తాది, నీలం వెలుగు ముక్క పెద్దది కాబట్టి దానికి ఎక్కువ వోల్టులు కావాలి, ఎరుపుకి తక్కువ చాలు. వోల్టేజీని ఎలక్ట్రాన్ చార్జితో, వేవ్‌లెంత్ తో గుణించి కాంతి వేగంతో భాగిస్తే ప్లాంక్ గారి h వస్తాది. ఎరుపు 630 నానోమీటర్లు, 1.75 వోల్టులు, h విలువ పదికి మైనస్ 34 మీద 5.9. నీలం 470, దానికి 2.45 దగ్గర చుక్క కనబడింది, 6.15 వచ్చింది. అసలుది 6.626.

పిల్ల కాసేపు ఊరుకుని "6.6 అని రాసేద్దామా" అంది. కాలేజీ అలవాటు. నేనేమీ అనలేదు, రెండోసారి చెయ్యమన్నా. రెండోసారి దాని కంటికి 1.72 దగ్గరే చుక్క కనబడింది, నాకు 1.78 దాకా కనబడలేదు, నా కళ్ళజోడు మార్చాల్సిన టైము వచ్చిందని అప్పుడు తెలిసింది. ఇద్దరం అరగంట వాదించుకున్నాం, చుక్క మొదలవడం అంటే ఏంటి, ఎవరి కన్ను లెక్క, ఆ ఎల్‌ఈడీ నిజంగా 630నేనా లేక షాపువాడు చెప్పాడు కాబట్టి 630 అనుకుంటన్నామా, వెలుగు ఒకే రంగులో రాదు కదా కాస్త అటూ ఇటూ ఉంటాది, అది కాక గది వేడికే ఎలక్ట్రాన్లకి కాస్త ఊపు దొరుకుతాది కాబట్టి పూర్తి మెట్టంత వోల్టేజీ ఇవ్వకముందే మసగ్గా వెలగడం మొదలెడతాది, అందుకే మనకి అన్నీ తక్కువే వస్తన్నాయి, ఎక్కువ ఒక్కటీ రాలేదు చూడు. ఈ ఆఖరి ముక్క మా పిల్లే పట్టుకుంది. నాలుగేళ్ళ ల్యాబ్ లో ఒక్కరి నోటా నేను వినని మాట అది.

మా బావ కొట్టు కట్టేసి వచ్చి చీకట్లో మమ్మల్ని చూసి "ఏటి, దెయ్యాల్ని పిలుస్తన్నారా" అన్నాడు. ఇది నీ కాటాకి సంబంధించిందే బావా అన్నా. నిజమే కదా, ఇదివరకు కిలో అంటే పారిస్ దగ్గర దాచిన ఒక ప్లాటినం ఇరిడియం దిమ్మ, 2019 మే 20 నుంచి ఆ దిమ్మ పక్కకెళ్ళిపోయింది, ఈ h విలువని ఇంతే అని కట్టేసి దాన్నుంచే కిలో తీస్తన్నారు. మొత్తం విని బావ అడిగింది ఒకటే, "కాటాకి ముద్రెయ్యడానికొచ్చే ఆయనకి ఇది తెలుసా?"

ఇదంతా మేం మాట్లాడుకుంది తెలుగులో. మధ్యలో ఒడియా మాటలు, ఇంగ్లీషు మాటలు, ఏది దొరికితే అది. పుస్తకాల తెలుగులో సూపర్‌పొజిషన్ ని (క్యూబిట్ ఒకేసారి రెండు స్టేట్లలో ఉండడం) అధ్యారోపణం అంటారట, మా పిల్లకి ఆ మాట సూపర్‌పొజిషన్ కంటే కష్టం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే, మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని కొట్లాడింది ఇక్కణ్ణించే, కొండమీది సవరల పిల్లలకి వాళ్ళ భాషలో పాఠాలు రాసిందీ ఇక్కడే. 1936లో ఊరిని ఒరిస్సాలో కలిపితే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, మేం ఉండిపోయాం. ఆయన సవర నేర్చుకోవడానికి ఏ రాష్ట్రం వాడివని ఎవరూ ఫారం ఇవ్వలేదనుకుంటా. క్వాంటం ట్రైనింగ్ కి మాలాంటి ఊళ్ళలో ఇంకో డబ్బు లోటు ఇది, పాఠం ఇంగ్లీషులో ఉన్నా వాదన ఇంటి భాషలో జరగాలి, ఆ వాదించే మనిషికి జీతం ఎక్కడా లేదు. గెస్ట్ గాడికి క్లాసు లెక్కన ఇస్తారు, అరగంట చుక్క గురించి వాదించినందుకు ఏ హెడ్ కింద ఇస్తారు?

ఆ ఫారం సంగతి, ఇంకోసారి ట్రై చేస్తానంది, ఈసారి ఆన్‌లైన్ లో రాష్ట్రం అడగని కోర్సు. స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్లో క్వాంటం పాఠాలు ఉన్నాయి, చూడ్డానికి ఫ్రీయే, పరీక్ష రాస్తేనే ఫీజు. అవి వినమన్నా. బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, 2016 నుంచి ఉంది, ఎమ్మెస్సీకి అక్కడ ప్రయత్నించమన్నా, అక్క అంత దూరం హాస్టల్ అంటే ముఖం చిట్లించింది, చూడాలి.

పచ్చ ఎల్‌ఈడీ రీడింగ్ ఏదని అడుగుతారేమో, అది కాలిపోయింది. కరెంటొచ్చిన సంతోషంలో పిల్ల రెసిస్టర్ పెట్టకుండా డైరెక్టుగా బ్యాటరీకి తగిలించింది, ఒక్క క్షణం తెల్లగా మెరిసి పోయింది, కాస్త కమురు వాసన. నోట్‌బుక్ లో పచ్చ ఎదురుగా "కాలింది, రెసిస్టర్ మర్చిపోయా" అని తారీకు వేసి రాసింది, కొట్టెయ్యలేదు. శనివారం పాతపట్నం వెళ్తన్నా, అర డజను పచ్చవి తెస్తా. ఈలోగా ఇటు ఇచ్ఛాపురం నుంచి గుణుపురం దాకా ఎవరి దగ్గరైనా పాత సోడియం లాంపు, దాని ట్రాన్స్‌ఫార్మర్ తో సహా మూల పడుంటే చెప్పండి, గులాబీ నుంచి పసుపెక్కేదాకా ఆగడానికి మా దగ్గర టైముంది.